పదేళ్ళ నాటి టెస్టులు తీసెయ్యాలా, ఉంచాలా? తెలుగు లైబ్రరీ ఒకటి చూసుకుంటున్నాను, సలహా కావాలి

కోనసీమ_కోడర్

అందరికీ నమస్తే. పాత తెలుగు ఫాంట్లలో టైప్ చేసిన టెక్స్ట్‌ని యూనికోడ్‌లోకి మార్చే చిన్న ఓపెన్ సోర్స్ పైథాన్ లైబ్రరీ ఒకటి నేనూ మా ఫ్రెండూ కలిసి చూసుకుంటున్నాం. మేం మొదలుపెట్టింది కాదు, 2011లో వేరే ఒకాయన మొదలుపెట్టారు, తర్వాత ఆయనకి తీరిక లేక 2019లో మాకు అప్పగించారు. ఫాంట్ మార్చడంతో పాటు పదాన్ని అక్షరాలుగా విడగొట్టే భాగం కూడా అందులో ఉంది.

ఇప్పుడు మా తలనొప్పంతా టెస్టులతోనే, అంటే కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న ప్రోగ్రాములతో. మొత్తం 1,160 ఉన్నాయి, అందులో 310 దాకా 2011-13 మధ్య రాసినవి. ఒక పీఆర్ (కోడ్‌లో కలపమని ఎవరైనా పంపే మార్పు) వస్తే అన్నీ రన్ అవ్వడానికి 38 నిమిషాలు పడుతోంది, 26 నిమిషాలు ఈ 310 వల్లే. పోయిన నెల ఒక కాలేజీ అబ్బాయి డాక్యుమెంటేషన్‌లో చిన్న తప్పు సరిచేసి పీఆర్ పంపాడు. తను ముట్టుకోని చోట ఏడు టెస్టులు ఫెయిల్ అయ్యేసరికి తనే ఏదో పాడుచేశానని భయపడి, పీఆర్ మూసేసుకుని వెళ్ళిపోయాడు. మెసేజ్ పెట్టినా మళ్ళీ రాలేదు. నాకు చాలా బాధేసింది.

పాతవాటిలో మళ్ళీ రకాలున్నాయి. కొన్ని పైథాన్ 2 కోసం రాసినవి, మేం పైథాన్ 2 సపోర్ట్ 2020లోనే ఆపేశాం కాబట్టి అప్పట్నుంచి స్కిప్ అవుతూ అలా పడున్నాయి. ఎక్కువ టైం తినేవి ఫాంట్ టెస్టులు. అప్పట్లో న్యూస్‌పేపర్ల సైట్లు తలా ఒక సొంత ఫాంట్ వాడేవి కదా, ఆ పేజీల నుంచి, అను అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన డీటీపీ ఫైళ్ళ నుంచి తీసిన టెక్స్ట్ అంతా మార్చి, పక్కన దాచిపెట్టిన సరైన ఫైలుతో పోల్చి చూస్తాయి. ఇంకొన్ని అక్షరాలు విడగొట్టే టెస్టులు, మేం వాడే ఒక డిపెండెన్సీని (మా కోడ్ ఆధారపడే వేరేవాళ్ళ లైబ్రరీని) అప్‌డేట్ చేసి చూస్తే వీటిలో 41 ఒకేసారి ఫెయిల్ అయ్యాయి, అందుకే ఆ అప్‌డేట్ ఇంకా కలపకుండా ఆపి ఉంచాం. ఇక చివరి రకం నాకు అసలు అర్థమే కాదు. పేరు ‘టెస్ట్ ఇష్యూ 47’ అని ఉంటుంది, లోపల మనుషులెవరూ టైప్ చెయ్యని అక్షరాల గుంపు ఒకటి ఉంటుంది, కామెంట్ ఉండదు. ఆ ఇష్యూ (బగ్ ఫిర్యాదు) నంబర్లు ప్రాజెక్టు గూగుల్ కోడ్ అనే సైట్‌లో ఉన్నప్పటివి, అదేమో 2016 జనవరిలోనే మూతపడింది.

ఆ ఫోల్డర్ మొత్తం తీసేద్దాం అంటాడు మా ఫ్రెండ్. నాకు చెయ్యి రావట్లేదు, అలాగని ఇలా ఎన్నాళ్ళు మోస్తామో కూడా తెలియట్లేదు. పెద్ద ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, మీరు ఏది చూసి నిర్ణయిస్తారో చెప్పండి.

బిల్డ్_బాబు

బ్రో, మీ ఫ్రెండ్ చెప్పిందే రైట్. తీసేయండి. పాత వెర్షన్లన్నీ దాచే గిట్‌లో ఉంటుంది కదా, కావాలంటే ఒక్క కమాండ్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇద్దరే ఉన్న ప్రాజెక్టులో 38 నిమిషాలంటే కొత్తవాళ్ళు ఎవరూ నిలబడరు, ఆ కాలేజీ అబ్బాయి లాంటి వాళ్ళు ఇంకో పదిమంది వెళ్ళిపోతే లైబ్రరీయే ఉండదు, ఇక టెస్టులు ఉండి ఏం లాభం?

టెస్టింగ్_అక్క

ఆ అబ్బాయి విషయంలో బిల్డ్_బాబు గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ ‘గిట్‌లో ఉంటుంది’ అన్న మాట నేనూ ఒకప్పుడు అన్నాను కాబట్టి నాకేం జరిగిందో చెప్తాను.

తేదీలు చదివే ఒక చిన్న లైబ్రరీకి నేను కొన్నాళ్ళు కో-మెయింటైనర్‌గా ఉన్నాను. ఒక శనివారం కూర్చుని, ఒకేలా కనపడుతున్న టెస్టులు 60 దాకా డూప్లికేట్లే అనుకుని తీసేశాను. కవరేజ్ (కోడ్‌లో ఎన్ని లైన్లు టెస్టుల్లో నడిచాయన్న లెక్క) ఒక్క శాతం కూడా తగ్గలేదు, అంటే బాగానే చేశాననుకున్నా. వాటిలో ఒక టెస్టు మాత్రం సంవత్సరం రెండంకెల్లో ఇస్తే ఏ శతాబ్దంగా తీసుకోవాలో చూసేది. అది నడిపే లైన్లూ పక్క టెస్టు నడిపే లైన్లూ ఒకటే, కాకపోతే లోపలికి వెళ్ళే విలువ వేరు, అందుకే కవరేజ్ రిపోర్టులో ఆ తేడా కనపడలేదు. మూడు రిలీజుల తర్వాత ఎవరో ఆ ఫంక్షన్‌ని శుభ్రం చేశారు, టెస్టులన్నీ పాస్, నేనే రివ్యూ చేసి కలిపాను. వాడేవాళ్ళలో ఒకరి దగ్గర పుట్టిన తేదీలు వందేళ్ళు ముందుకెళ్ళిపోయాయి. దాన్ని పట్టుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. అంతసేపూ నేను తీసేసిన టెస్టు గిట్‌లో భద్రంగానే ఉంది. కానీ ఏం పోయిందో తెలియకుండా గిట్‌లో దేనికోసం వెతుకుతాం?

అందుకని కోనసీమ_కోడర్, కవరేజ్ తగ్గలేదు కాబట్టి తీసేయొచ్చు అనే లెక్క మీద మాత్రం ఆధారపడకండి. ఏదైనా టెస్టు తీసెయ్యాలనిపిస్తే ముందు అది చూసే కోడ్‌ని కావాలని పాడుచేసి చూడండి, ఒక ప్లస్‌ని మైనస్ చెయ్యండి, ఒక షరతుని తిరగెయ్యండి. ఆ టెస్టు ఒక్కటే పట్టుకుని మిగతావన్నీ పాస్ అయితే దాన్ని ఉంచాల్సిందే. ఇంకో నాలుగు టెస్టులు కూడా పట్టుకుంటే అప్పుడు ఆలోచించొచ్చు. మ్యూట్‌మట్ అనే టూల్ పైథాన్‌లో ఈ పని తనే చేసిపెడుతుంది, అన్ని ఫైళ్ళ మీద ఒకేసారి నడపకండి, రోజంతా పడుతుంది, ఒక్కో ఫైలు మీద నడపండి.

పాత_టెర్మినల్

తమ్ముడూ, నువ్వు అడిగిన ప్రశ్నలో నాలుగు ప్రశ్నలున్నాయి, వాటన్నిటికీ ఒకే జవాబు వెతకబట్టే చెయ్యి రావట్లేదు. నేను పద్దెనిమిదేళ్ళుగా ఓపెన్ సోర్స్ ప్యాకేజీలు చూస్తున్నాను. టెస్టు ఎప్పుడు రాశారన్నది నేను లెక్కలోకి తీసుకోను. ఆ టెస్టు వెనకాల వాడేవాళ్ళకి మనం ఇచ్చిన మాట ఏదో ఒకటి ఉంటుంది, ఆ మాట మీద ఇంకా నిలబడి ఉన్నామా లేదా అని చూస్తాను.

పైథాన్ 2 టెస్టులు చూడు. పైథాన్ 2 గడువు 2020 జనవరి 1తో అయిపోయింది, మీరూ అదే ఏడాది సపోర్ట్ ఆపేశామని రిలీజ్ నోట్‌లో చెప్పేశారు, అంటే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఇక ఆ టెస్టులకి పని లేదు, ఇవాళే తీసెయ్, ఎవర్నీ అడగక్కర్లేదు. పైథాన్ వాళ్ళు కూడా ఇలాగే చేశారు, వాడకం తగ్గిపోయిన 19 మాడ్యూళ్ళని 2022లో వచ్చిన 3.11లో ‘ఇవి పోతాయి’ అని ముందుగా చెప్పి, 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో తీసేశారు, వాటితో పాటే వాటి టెస్టులూ పోయాయి. ఫీచర్ ఉంచి టెస్టు మాత్రం తీసేస్తానంటేనే నాకు భయం. అలా చేస్తే, ఇది పనిచేస్తుందని బయటికి చెప్తూ లోపల చూడ్డం మానేసినట్టే.

ఒక చిన్న జాగ్రత్త. టెస్టు పాతబడటం వేరు, దాన్ని రాసిన పద్ధతి పాతబడటం వేరు. 2011 నాటివంటే వాటిలో అసర్ట్‌ఈక్వల్స్ లాంటి పాత పేర్లు ఉండే ఉంటాయి, అవి పైథాన్ 3.12లో తీసేశారు. నోస్ అనే టూల్ కోసం రాసినవైతే అది 2015 తర్వాత రిలీజే లేదు, టెస్టులు నడిపే పైటెస్ట్ టూల్ కూడా 8.0 నుంచి నోస్ పద్ధతులకి సపోర్ట్ తీసేసింది. ఇలాంటివి ఫెయిల్ అయినప్పుడు పాత టెస్టు పాడైందని జనం తీసేస్తుంటారు, నిజానికి అక్కడ పేరు మారిస్తే సరిపోతుంది.

అక్షరాల టెస్టుల గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇది మన తెలుగువాళ్ళే చూసుకోవాల్సిన విషయం, వేరేవాళ్ళు మన కోసం గమనించరు. ఆ 41 టెస్టులు ఎందుకు ఫెయిల్ అయ్యాయో చూడకుండానే దాదాపు చెప్పగలను. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో, టెక్స్ట్‌ని ఎక్కడ విడగొట్టాలో చెప్పే నియమాల్లో తొమ్మిది సీ అని కొత్తది ఒకటి చేర్చారు. హల్లు, పొల్లు, మళ్ళీ హల్లు వస్తే వాటిని విడగొట్టొద్దని దాని సారాంశం. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగుకీ అది వర్తిస్తుంది. అంతకుముందు స్త్రీ అనే పదాన్ని స్, త్, రీ అని మూడు ముక్కలు చేసేది, ఇప్పుడు ఒక్కటే. జ్ఞా అప్పుడు రెండు, ఇప్పుడు ఒకటి. పలక మీద ఒత్తులు దిద్దిన ఎవర్ని అడిగినా స్త్రీ ఒక్క అక్షరమే అంటారు, ఛందస్సులో గురువు లఘువు లెక్కపెట్టినా ఒక్కటే. అంటే మీ పాత టెస్టులు అప్పటి ప్రమాణం ఎక్కడిదాకా వచ్చిందో అక్కడికే రాసుకున్నవి, కొత్త ప్రమాణం ఇప్పుడు మన పలక దగ్గరికి వచ్చింది.

వాటిని తీసెయ్యకు, జవాబులు మార్చు. మార్చేటప్పుడు ప్రతి ఒక్కటీ చదివి మార్చు, కొత్త అవుట్‌పుట్‌ని కాపీ చేసి పేస్ట్ చేస్తే ఆ టెస్టు ఉండీ లేనట్టే. ముఖ్యంగా సాఫ్ట్‌వేర్ అనే పదం చూడు. ట్ తర్వాత కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్కపక్క అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఉంటే అది సా, ఫ్ట్‌, వే, ర్ అని నాలుగు ముక్కలవ్వాలి, అది లేకుండా సాఫ్ట్వేర్ అని రాస్తే మూడే అవ్వాలి. ఈ రెండు టెస్టులూ పక్కపక్కనే లేకపోతే ఇప్పుడే రాసిపెట్టు. ఇంకొకటి, మీ లైబ్రరీ ఇచ్చిన అక్షరాల లెక్కని ఎవరైనా డేటాబేస్‌లో దాచుకుని ఉంటే వాళ్ళకి ఇది పెద్ద మార్పు. మేజర్ వెర్షన్ నంబర్ పెంచి, రిలీజ్ నోట్ మొదటి లైన్‌లోనే ఉదాహరణతో చెప్పాలి.

ఇక ఇష్యూ 47. మనుషులెవరూ టైప్ చెయ్యని అక్షరాల గుంపు అన్నావు. 2018 ఫిబ్రవరి గుర్తుందా? ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో మన తెలుగు అక్షరం ఒకటి మెసేజ్‌లో వస్తే యాప్ క్రాష్ అయ్యేది, ఆ నెలలోనే 11.2.6 విడుదల చేసి సరిచేశారు. జ, పొల్లు, ఞ, తర్వాత ఆ కనపడని నాన్ జాయినర్, దాని తర్వాత ఆ-కారపు గుర్తు, ఆ వరుస ఇదీ. అలా కావాలని ఎవరూ టైప్ చెయ్యరు, కానీ కన్వర్టర్లూ కీబోర్డులూ కాపీ పేస్టులూ కలిసి అలాంటివి తయారుచేస్తూనే ఉంటాయి, మీదీ కన్వర్టరే. అర్థం లేనట్టు కనపడే టెస్టుని అందరికంటే ఆఖర్న ముట్టుకోవాలి, ఎందుకంటే ఊహించి రాసే టెస్టులు చూడ్డానికి నీట్‌గా ఉంటాయి, ఇలా వంకరగా ఉన్నదాని వెనక చాలావరకు నిజంగా జరిగిన గొడవ ఏదో ఉంటుంది.

గూగుల్ కోడ్ మూతపడినా ఆర్కైవ్ ఉంది, పబ్లిక్ ప్రాజెక్టుల పాత ఇష్యూలు చాలావరకు అందులో చదువుకోవచ్చు. మీ ప్రాజెక్టు పాత పేరుతో వెతుకు. గిట్ లాగ్‌లో పెద్ద ఎస్ ఆప్షన్‌తో ఆ టెస్టు పేరు ఇచ్చి వెతికితే అది మొదట ఏ కమిట్‌లో (గిట్‌లో నమోదైన ఒక్కో మార్పు) వచ్చిందో తెలుస్తుంది, అదే కమిట్‌లో ఇంకేం మారిందో చూస్తే సగం కథ అక్కడే ఉంటుంది.

ఫాంట్ టెస్టుల నిదానం గురించి ఒక్క మాట. నిదానంగా ఉంది అన్నది తీసెయ్యడానికి కారణం కాదు, ముందు ఎందుకు నిదానమో చూడు. పైటెస్ట్‌లో డ్యూరేషన్స్ ఆప్షన్ పెట్టి అన్నిటికంటే ఎక్కువసేపు పట్టే 20 టెస్టుల పట్టిక తీసి ఇక్కడ పెట్టు. అన్నీ ప్రతిసారీ నడపాలని కూడా లేదు. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ తెలుసుగా, 2023 మేలో వచ్చిన 3.42 నాటికి దాని అసలు కోడ్ లక్షా యాభై అయిదు వేల లైన్ల చిల్లరైతే టెస్టు కోడ్ దానికి 590 రెట్లు. ఏదైనా బగ్ రిపోర్ట్ అయితే దానికి టెస్టు చేర్చేదాకా ఆ బగ్‌ని సరిచేసినట్టు వాళ్ళు లెక్కపెట్టరు. అన్ని టెస్టులున్నా మార్పు మార్పుకీ మొత్తం నడపరు, తొందరగా అయిపోయే చిన్న సెట్ ఒకటి విడిగా ఉంటుంది, పూర్తి సెట్ రిలీజ్‌కి ముందు నడుపుతారు. మీరూ పీఆర్‌కి చిన్న సెట్, రాత్రికి మొత్తం సెట్ పెట్టుకోండి.

బిల్డ్_బాబు

సరే, అక్క చెప్పిన శతాబ్దం కథ విన్నాక ఫోల్డర్ మొత్తం తీసెయ్యమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ రాత్రి సెట్ గురించి ఒక హెచ్చరిక. రాత్రి నడిచి ఫెయిల్ అయిన టెస్టుని పొద్దున ఎవరు చూస్తారో పేరు రాసిపెట్టకపోతే రెండు నెలల్లో అది ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది, అందరికీ అలవాటైపోతుంది. నేను చూసిన మూడు ప్రాజెక్టుల్లో ఇదే జరిగింది. ఇంకోటి, ఆ అబ్బాయికి ఫెయిల్ అయిన ఏడు టెస్టులు అప్పుడప్పుడూ పాస్ అవుతాయా, ఎప్పుడూ ఫెయిలేనా? అప్పుడప్పుడూ అయితే అవి ఫ్లేకీ, వాటిని వెంటనే మిగతావాటి నుంచి వేరుచెయ్యాలి, ఎందుకంటే ఒక్క ఫ్లేకీ టెస్టు ఉన్నా ‘మళ్ళీ రన్ చేస్తే పోతుందిలే’ అని మిగతా నిజమైన ఫెయిల్యూర్లని కూడా పట్టించుకోరు.

అక్షర_డీటీపీ

నమస్తే అండి. నేను ప్రోగ్రామర్‌ని కాదు, వరంగల్‌లో డీటీపీ, ప్రింటింగ్ పని చేస్తాను. మా అబ్బాయి ఈ థ్రెడ్ చూపిస్తే రాస్తున్నాను. మీ లైబ్రరీ పేరు నాకు తెలియదు కానీ మా అబ్బాయి పెట్టిచ్చిన కన్వర్టర్ లోపల పనిచేసేది ఇలాంటిదే అని చెప్పాడు.

అను ఫాంట్లని పాతవి అంటున్నారు కానీ మాకు అవి ఇవాళ్టి పనే. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, దేవస్థానాల పుస్తకాలు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లలో కొడుతున్నాం, మా వీధిలో నాలుగు షాపులుంటే నాలుగింట్లోనూ అదే. ఇరవై ఏళ్ళ కింద చేసిన పుస్తకం ఫైలు పట్టుకొచ్చి, ఇది ఫోన్లో చదివేలాగ, వాట్సాప్‌లో పంపేలాగ చేసివ్వమని అడుగుతారు. రాసిన ఆయన పోయి ఉంటారు, కొడుకో కూతురో వస్తారు. మళ్ళీ టైప్ చెయ్యాలంటే నెల పని, కన్వర్టర్‌తో అయితే ప్రూఫ్ చూసుకోవడంతో కలిపి మూడు రోజులు. పోయిన ఏడాది వేరే ఒక కన్వర్టర్ అప్‌డేట్ అయ్యాక క్ష ఉన్నచోటల్లా ఒత్తు పక్క అక్షరానికి పోయింది. లక్ష్మి అన్న పేరు అరవైసార్లు ఉన్న పుస్తకం అది. నేను ప్రూఫ్‌లో చూశాను కాబట్టి సరిపోయింది.

కాబట్టి న్యూస్‌పేపర్ ఫాంట్ల సంగతి మీ ఇష్టం, అను టెస్టులు మాత్రం దయచేసి తీసెయ్యకండి బాబూ.

టెస్టింగ్_అక్క

అంకుల్, మీరు రాసినందుకు చాలా థాంక్స్. కోనసీమ_కోడర్, ఇష్యూ 47 లాంటి వాటికి కథ దొరికాక ఆ కథని టెస్టు మీదే రెండు లైన్ల కామెంట్‌గా రాసేయండి, లింకు ఒక్కటే పెట్టొద్దు. లింకులు ఎలా చస్తాయో మీరే చూశారుగా. అంకుల్ చెప్పిన లక్ష్మి పదాన్ని కూడా ఇవాళే టెస్టుగా పెట్టండి.

కోనసీమ_కోడర్

అందరికీ పేరుపేరునా థాంక్స్. మూడు రోజులు కూర్చుని చేసింది చెప్తాను.

పైథాన్ 2 టెస్టులు 92 ఉన్నాయి, తీసేశాం. ఎందుకు తీశామో, ఏ రిలీజ్‌లో సపోర్ట్ ఆపామో కమిట్ మెసేజ్‌లో రాశాం. వాటిలో రెండు మాత్రం పేరుకే పైథాన్ 2వి, లోపల చూస్తే ఫైలు మొదట్లో బైట్ ఆర్డర్ మార్క్ అనే కనపడని గుర్తు ఉంటే ఏం చెయ్యాలో చూస్తున్నాయి. ఆ రెండిటికీ స్కిప్ తీసి పేరు మార్చి ఉంచాం, స్కిప్ తీయగానే ఒకటి ఫెయిల్ అయింది కూడా! అంటే ఇన్నేళ్ళూ ఆ బగ్ అక్కడే ఉంది.

పాత_టెర్మినల్ అన్నా, నిదానం విషయంలో మీరు చెప్పినట్టే డ్యూరేషన్స్ పెట్టి చూశాను. పట్టిక ఇక్కడ పెట్టాల్సిన అవసరం కూడా రాలేదు, ప్రతి ఫాంట్ టెస్టూ మొదలయ్యేముందు అన్ని ఫాంట్ల పట్టికలూ మళ్ళీ మళ్ళీ చదువుకుంటోంది. ఒకసారి చదివి అందరూ వాడుకునేలా మారిస్తే 26 నిమిషాలు కాస్తా 4 అయ్యాయి. మొత్తం ఇప్పుడు 16 నిమిషాలు. అంటే నేను తీసెయ్యాలనుకున్న టెస్టుల తప్పేమీ లేదు. రాత్రి సెట్ ప్రస్తుతానికి అక్కర్లేదనుకుంటున్నాం, పెడితే ఎవరు చూడాలో పేరు రాసే పెడతాం.

ఆ ఏడు టెస్టులు ఫ్లేకీయే బిల్డ్_బాబు గారూ. ఏడూ ఒకే టెంపరరీ ఫైలులో రాస్తున్నాయి, పక్కపక్కన నడిస్తే ఒకదాన్నొకటి చెరుపుకుంటున్నాయి. సరిచేశాం. ఆ అబ్బాయికి విషయం వివరంగా రాసి, తప్పు మాది అని చెప్పి సారీ చెప్పాను. నిన్న రాత్రి పీఆర్ మళ్ళీ తెరిచాడు, కలిపేశాం.

ఇష్యూ 47 ఆర్కైవ్‌లో దొరికింది. 2012లో ఒకరు పాత ఫాంట్ నుంచి మార్చిన కథని మళ్ళీ మా లైబ్రరీకే ఇస్తే ప్రోగ్రాం ఆగకుండా తిరుగుతూ ఉండిపోయిందట, గుణింతపు గుర్తుకి ముందు నాన్ జాయినర్ ఉండటం వల్ల. అన్న ఊహించిన వరుసే. కామెంట్ రాసి ఉంచాం. అక్క చెప్పినట్టు కోడ్‌లో ఆ షరతుని తిరగేసి చూశాను, వెయ్యికి పైగా ఉన్న టెస్టుల్లో అది ఒక్కటే పట్టుకుంది.

అక్షరాల టెస్టులు 41లో 18 ఇప్పటిదాకా చదివి మార్చాను, మిగతావి ఈ వారం. న్యూస్‌పేపర్ ఫాంట్ల టెస్టులన్నీ ఉంచేశాం, ఇంత తొందరగా అయిపోతుంటే తీసెయ్యడానికి కారణం కనపడలేదు. అక్షర_డీటీపీ గారూ, లక్ష్మి టెస్టు పెట్టాం, పాస్ అయింది. మీ దగ్గర ఎవరికీ ఇబ్బంది లేని పాత ఫైళ్ళు ఏవైనా ఉంటే, ఒకటి రెండు పేజీలైనా సరే, టెస్టులుగా పెట్టుకోవడానికి పంపగలరా?

అక్షర_డీటీపీ

సంతోషం బాబూ. మా నాన్నగారు రాసుకున్న భజన కీర్తనలు ఉన్నాయి, 2003లో నేనే కొట్టాను, ఇబ్బంది పడేవాళ్ళు ఎవరూ లేరు. ఆదివారం షాపు మూశాక మా అబ్బాయితో పంపిస్తాను. అందులో ఱ అక్షరం చాలాచోట్ల ఉంటుంది, అది ఏ కన్వర్టర్‌లోనూ సరిగ్గా రాలేదు, చూడండి.